మొండిది

మా అత్తయ్య చీరల అలమర తలుపుకు లోపలివైపు ఒక ఎండిన మొక్క ఉండేది. దళసరి తెల్లకాగితం మీద సన్నటి కాగితపు పట్టీలతో అతికించి, ఆ కాగితాన్ని నాలుగు మూలలా పిన్నులతో తలుపుకు గుచ్చారు. చిటికెనవేలంత కొమ్మ. ఆకులు లేవు. గణుపు మీద గణుపు పేర్చినట్టు ఉంటుంది, అంతే. రంగు చెప్పాలంటే ఎండిపోయిన కాఫీ మరక రంగు. కింద కుడివైపు మూలలో మామయ్యగారి చేతిరాతతో చిన్న చీటీ.

మామయ్యగారి ఫొటో హాల్లో అందరికీ కనబడేచోట ఉంది. అయినా అత్తయ్య ఆయనతో ఏమైనా చెప్పుకోవాలంటే ఫొటో ముందు నిలబడరు. చీర తీసుకునే వంకతో అలమర తెరుస్తారు. పెళ్లయిన కొత్తలో ఇదేమిటని అడిగాను.

"ఫొటోలో ఆయన కెమెరా వాడి కోసం నవ్వారమ్మాయ్. ఇది ఇచ్చేటప్పుడు నన్ను చూసి నవ్వారు," అన్నారు.

దాని పేరు మా ఇంట్లో మొండిది. ఎటు చూసినా మొండిదే. ఆకన్నదే లేకుండా మొండిగా ఉంటుంది. చంపబోతే చావకుండా మొండికేసింది.

మామయ్యగారు వృక్షశాస్త్ర సంస్థలో మొక్కలు సేకరించే ఉద్యోగి. మామూలు మొక్కయితే అద్దుడు కాగితాల మధ్య పరిచి పైన బరువు పెడితే కొద్దిరోజుల్లో ఎండిపోతుంది. ఉప్పునేలల్లో పెరిగే ఈ కండ పట్టిన మొక్కలు అలా కాదు. ఒంటినిండా నీళ్లు దాచుకుని ఉంటాయి. కాగితాల మధ్య వారాలపాటు అణిచినా బతికే ఉంటాయి, లేదా కుళ్లి గణుపులన్నీ ఊడిపోతాయి. అందుకని ముందు సలసల కాగే నీళ్లలో ముంచి తీసి, ఆ తర్వాత అదమాలి. ఆ ముంచే పని అత్తయ్యది. మామయ్యగారు ఊరంతా తిరిగి బురద బూట్లతో సంచీ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టేవారు. అత్తయ్య ఒక గిన్నె, ఒక చిల్లుల గరిటె వాటికోసమే విడిగా ఉంచారు. కొమ్మ ఒంగకుండా, గణుపు ఊడకుండా ఎంతసేపు ఉంచాలో ఆమె చేతికి తెలుసు. అలా ఆమె చేతి మీదుగా వెళ్లిన మొక్కలన్నీ సంస్థ బీరువాల్లో ఇప్పటికీ తిన్నగా, అందంగా ఉన్నాయట.

ఒకసారి అత్తయ్య పురిటికి వెళ్లినప్పుడు మామయ్యగారు ఒక కొమ్మను ముంచకుండానే మొక్కలు అదిమే చట్రంలో బిగించి మరిచిపోయారు. ఆమె పిల్లాడితో తిరిగి వచ్చాక తెరిచి చూస్తే అది చావలేదు. కాగితాల మధ్య చీకట్లోనే వంకర తిరిగి, పక్కకు ఒక పాలిపోయిన రెమ్మ వేసి, దాని చివర పువ్వు కూడా పూసింది. వంకరపోయింది కాబట్టి సంస్థకు పనికిరాదు. ఆయన దాన్నే కాగితం మీద అతికించి తెచ్చి ఇచ్చారు.

"అచ్చం నీలాగే. అణిచేకొద్దీ పెరిగింది," అన్నారట. అదీ ఆ నవ్వు.

ఆ మొక్క వల్లే ఆ ఇంటి మీదికి వచ్చిన కష్టం గురించి అత్తయ్య నవ్వుతూ చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఉప్పుమడుల వెనక ఒక మడుగు ఉండేది. మామయ్యగారికి ఈ మొక్క అక్కడే దొరికింది, మరెక్కడా దొరకలేదు. సముద్రపు పోటు ఎక్కే ఏటి ఒడ్డున ఎక్కడ చూసినా పెరిగే మొక్కే ఇది అని తోటివాళ్లందరూ అన్నారు. కాదు, ఇది పొట్టిగా, ఎర్రగా, గట్టిగా ఉంది, దీని జాతే వేరు అని ఆయన వాదించారు. ఈలోగా ఆ మడుగును పూడ్చి గోదాములు కడతామన్నారు. అక్కడ ప్రత్యేకమైన మొక్కలేవీ లేవని సంస్థ తరఫున రాసివ్వమని ఆయన్నే అడిగారు. ఆయన రాయలేదు. ఉంది, ఒకటుంది అని రాశారు. పెద్దవాళ్లు వచ్చి చూసి, ఒడ్డుమొక్కే ఇక్కడ గిడసబారింది అని తేల్చేశారు. మాట వెనక్కి తీసుకోమన్నారు. ఆయన తీసుకోలేదు. దాంతో ఆయన్ని ఎక్కడో విత్తనాల గిడ్డంగికి పంపేశారు, అక్కడి నుంచి మరో గిడ్డంగికి. మడుగు పూడిపోయింది. మా ఆయన చిన్నతనమంతా ఆ గిడ్డంగుల వెనక గదుల్లో, బళ్లు మారుతూ గడిచింది. చీటీ మీద మామయ్యగారు రాసుకున్నది మాత్రం మారలేదు: 'ప్రత్యేక జాతి. ఈ మడుగులో మాత్రమే.'

ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది ఒక మధ్యాహ్నం పూట. భుజాన బరువైన సంచీ, గోళ్లలో మట్టి. మామయ్యగారు పనిచేసిన సంస్థలోనే ఇప్పుడు పరిశోధన చేస్తోందట.

"నమస్కారం మేడమ్," అంది అత్తయ్యను చూసి.

"మేడేమిటమ్మా, నాకేమన్నా మెట్లున్నాయా? అమ్మమ్మా అని పిలువు, పోయేదేముంది. ఇంతకీ ఏం చదువుతున్నావు?"

"ఉప్పునేలల్లో పెరిగే మొక్కలున్నాయి కదా అమ్మమ్మా, ఏది దేనికి చుట్టమో కనుక్కుంటున్నాను."

"చుట్టరికాలా! అయితే మొక్కలకి సంబంధాలు చూస్తున్నావన్నమాట."

"అంతే అనుకోండి. జాతకాలు కూడా చూస్తాం," అని నవ్వింది ఆ పిల్ల. అప్పటినుంచి ఆమెకు మా ఇంట్లో ఉప్పుపిల్ల అని పేరు స్థిరపడిపోయింది.

నేను టీ ఇచ్చి అక్కడే కూర్చున్నాను. ఆమె చెప్పిన తీరు బాగుంది, అందుకే గుర్తుంది. ఈ మొక్కలు పచ్చిగా ఉన్నప్పుడే ఒకదాన్ని చూస్తే ఇంకొకటి అనిపిస్తాయి. ఎండితే అన్నీ ఒకటే. ఆకుల్లేవు, పువ్వులు కంటికి ఆనవు. అందుకని వందేళ్లుగా ఒక్కొక్కరు ఒక్కో రకంగా విడదీస్తూ, కలుపుతూ కొట్టుకుంటున్నారు.

"మేం ముఖం చూసి చుట్టరికం చెప్పడం మానేశామమ్మమ్మా. లోపల రాసున్నది చదువుతున్నాం. ప్రతి మొక్కలోనూ వందల జన్యువులు తీసి, అక్షరం అక్షరం పక్కపక్కన పెట్టి పోలుస్తాం. ఏవి కలుస్తున్నాయో, ఏవి ఎప్పుడు విడిపోయాయో తెలిసిపోతుంది. అన్ని ఊళ్లవీ చేశాం. తాతగారి మడుగు మొక్క ఒక్కటే మిగిలింది."

"మడుగు పూడ్చేశారుగా."

"అందుకే బీరువాల్లో ఉన్న తాతగారి మొక్కల్లోంచి చిన్న చిన్న ముక్కలు తీసి చూశాం. ఒక్కటీ పలకలేదు. అంతకంటే పాతవి, ఎవరో ఎప్పుడో తెచ్చినవి చక్కగా పలికాయి. ఇవెందుకు పలకలేదో అర్థం కాలేదు. వీటిని ఎలా ఎండబెట్టేవారో మీకేమైనా తెలుసేమోనని వచ్చాను."

అత్తయ్య గర్వంగానే చెప్పారు. లేచి వంటింట్లోకి వెళ్లి ఆ గిన్నె కూడా తెచ్చి చూపించారు. నేనందులో ఇప్పుడు సబ్బు నానబెడుతున్నాను. నీళ్లు ఎలా మరగాలి, కొమ్మను ఎటునుంచి దించాలి, ఎప్పుడు తీసెయ్యాలి, అన్నీ చెప్పారు. "నేను ముంచింది ఒక్కటీ కుళ్లలేదు," అన్నారు.

ఆ పిల్ల ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. కప్పు కింద పెట్టింది.

"ఏమ్మా?"

"ఏం లేదమ్మమ్మా. ఆ రోజుల్లో అదే సరైన పద్ధతి. అందరూ అలాగే చేసేవారు."

"మరి?"

"ఆ వేడికి లోపలి అక్షరాలు పొడిపొడి అయిపోతాయి. పైకి మొక్క బాగానే ఉంటుంది."

అత్తయ్య గిన్నె వైపు చూశారు. తర్వాత దాన్ని నేల మీద పెట్టి, కాలితో కాస్త పక్కకు జరిపారు. "అంటే ఆయన మాట నిజమో కాదో చెప్పేదాన్ని నేనే ఉడకబెట్టేశానన్నమాట," అన్నారు.

"మీరు చెయ్యకపోతే అవి కుళ్లిపోయేవి. అప్పుడు కూడా ఏమీ మిగిలేది కాదు," అంది ఆ పిల్ల త్వరత్వరగా. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ముంచనిది ఏదైనా ఉందా అమ్మమ్మా? గోరంత ముక్కయినా చాలు."

నేను అత్తయ్య వైపు చూడలేదు. అలమర ఉన్న గది వైపు కూడా చూడలేదు. అత్తయ్య కప్పు ఆమె ముందుకు జరిపి, "టీ చల్లారిపోతోంది, తాగు," అన్నారు.

ఆమె వెళ్లాక తలుపు గడియ పెడుతుంటే వెనకనుంచి వచ్చారు. "నువ్వేమీ నోరు జారలేదుగా?"

"మీరు చెప్పనిది నేనెందుకు చెబుతాను అత్తయ్యా."

"మంచిదానివి," అన్నారు. మెచ్చుకున్నట్టు మాత్రం లేదు.

రాత్రి భోజనాల దగ్గర సంగతి మా ఆయనకు తెలిసింది. ఆయన లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేస్తారు. ఏదైనా మధ్యలో ఆగిపోతే భరించలేరు.

"ఇచ్చెయ్యమ్మా. తేలిపోనీ," అన్నారు.

"ఏం తేలాలిరా?"

"నాన్న చెప్పింది నిజమో కాదో. నేను ఎన్ని బళ్లు మారానో నీకు గుర్తుందా? ప్రతి బళ్లోనూ కొత్తవాణ్ణే. అది దేనికోసమో తెలుసుకోవద్దా?"

"కాదని తేలితే?"

"తేలితే తేలనీ."

"ఇప్పుడెవరడిగార్రా? కందకి లేని దురద కత్తిపీటకెందుకు? ఆయనే లేరు. ఆయన్ని వెక్కిరించినవాళ్లూ లేరు. నీకు తేలడం కావాలి. నాకు ఆ కొమ్మ కావాలి. ఇస్తే కొమ్మ పోతుంది. ఆయన మాట కూడా పోతే ఇక నా దగ్గర ఏం మిగులుతుంది?"

మా ఆయన పళ్లెంలో చెయ్యి కడిగేసుకున్నారు. తల్లీ కొడుకులిద్దరిదీ ఒకటే పట్టు. ఇంట్లో అసలు మొండిది అలమరలో ఉన్నదేనా అని నాకు అనుమానం వస్తుంటుంది.

ఆ వారమంతా అలమర తలుపు చప్పుడు ఎక్కువగా వినిపించింది. చీర మార్చుకోవలసిన అవసరం లేనప్పుడు కూడా తెరిచేవారు. ఒకరోజు నేను ఉతికిన బట్టలు లోపల పెట్టడానికి వెళితే, ముక్కు దాదాపు కాగితానికి తగిలేలా నిలబడి ఉన్నారు.

"అమ్మాయ్, ఆ పిల్ల ఇదే మాట ఆయన్ని అడిగి ఉంటే ఏం చేసేవారంటావు?"

"నాకేం తెలుసత్తయ్యా, నేనాయన్ని చూడలేదుగా."

"ఆ పిల్ల నోరు తెరిచేలోగా కత్తెర తనే తెచ్చేవారు. చిన్న ముక్క చాలు అంటే, చాలదేమో, పెద్దది కొయ్యి అనేవారు. ఆయనకి గెలవడం కాదే కావల్సింది. అది ఏమిటో తెలియాలి, అంతే. తెలియకే అట్లా కొట్టుకులాడారు." అలమర తలుపు మూసి అన్నారు. "నాకు తెలుసుకోవాలని లేదు. కానీ ఈ తగవు నాది కాదుగా. ఆ ఉప్పుపిల్లకి ఫోన్ చెయ్యి."

ఆమె మర్నాడే వచ్చింది. ఈసారి నవ్వులు లేవు. కాగితాన్ని బల్ల మీద పరిచి, కిటికీ దగ్గరికి జరిపి, భూతద్దంతో పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇది చట్రంలో పూసింది," అంది చివరికి.

"పూసింది. పువ్వు జోలికి వెళ్లకు. అడుగు గణుపు తీసుకో."

"అడుగుదే తీసుకుంటానమ్మమ్మా."

"ఒక్కసారేనా? మళ్లీ వచ్చి ఇంకో ముక్క అంటావా?"

"అనను. కానీ ముందు ఒక మాట చెప్పాలి." ఆ పిల్ల ఒక కాగితం తీసి పెన్నుతో గీసింది. ఒక గీత, అది రెండుగా చీలడం, ఆ చీలికలు మళ్లీ చీలడం. అడ్డంగా పడుకోబెట్టిన చెట్టులా ఉంది. "తాతగారు చెప్పింది నిజమైతే మొండిది ఇదిగో, ఇక్కడ విడిగా చీలుతుంది. ఒడ్డుమొక్క దీనికి అక్కో చెల్లెలో అవుతుంది. కాకపోతే ఇటు, ఒడ్డుమొక్కల గుంపులోకే వెళ్లి కూర్చుంటుంది. ఏది వస్తే అదే చెబుతాను. మీ మనసు కోసం మార్చి చెప్పలేను."

అత్తయ్య కళ్లజోడు సరిచేసుకుని బొమ్మ చూశారు. "పైన గీసింది మొండిదాన్నిగా. అయితే ఇదే అక్క."

"పైన గీసినంత మాత్రాన అక్క కాదమ్మమ్మా. కింద గీసినా ఒకటే. ఒక కొమ్మ రెండుగా చీలిందంటే రెండూ ఒకేసారి పుట్టినట్టు."

"ముందూ వెనకా లేకుండా అక్కాచెల్లెళ్లు ఎట్లా అవుతారే? కవలల్లో కూడా ఒకతె ముందొస్తుంది."

"అదే నాకూ తంటా. మన భాషలో ఎలా చెప్పాలో తెలియట్లేదు. అక్క అనకూడదు, చెల్లి అనకూడదు."

"తోబుట్టువులు అను. పెద్దా చిన్నా తగాదా ఉండదు."

ఉప్పుపిల్ల ఆ మాట బొమ్మ పక్కన రాసుకుంది. ఆ తర్వాత సంచీలోంచి బ్లేడు, చిన్న శ్రావణం, కాగితపు కవరు తీసింది. అత్తయ్య కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు కానీ, బ్లేడు ఆనేసరికి కిటికీ వైపు తిరిగారు. చిన్న చప్పుడయింది, ఎండు చీపురుపుల్ల విరిగినట్టు. కాగితం మీద ఆ చోట తెల్లటి మచ్చ మిగిలింది. ఇన్నేళ్లూ కొమ్మ కింద ఉండి వన్నె తగ్గని కాగితం అది.

ఆ తర్వాత నెలలు గడిచాయి. అంతంతమాత్రంగా మిగిలిన పాత ముక్క కాబట్టి అక్షరాలు చిన్న చిన్న తునకలుగా వస్తాయని, వాటిని ఏరి కూర్చడానికి సమయం పడుతుందని ఆ పిల్ల ఫోన్లో చెప్పింది. అత్తయ్య ఆ ఫోన్లు ఎత్తేవారు కాదు. నేను మాట్లాడి పెట్టేశాక, "ఏమంటుంది?" అని మాత్రం అడిగేవారు. మొండిది మళ్లీ తలుపు మీదికి ఎక్కింది. అత్తయ్య అలమర తెరవడం తగ్గించేశారు. బయట ఉన్న రెండు చీరలే మార్చి మార్చి కట్టేవారు.

ఒక ఆదివారం పొద్దున ఆ పిల్ల ఫోన్ చెయ్యకుండా వచ్చింది. ఒక చేతిలో కాగితాలు, ఇంకో చేతిలో ప్లాస్టిక్ సంచీలో చుట్టిన కుండీ. కుండీని గుమ్మం బయటే పెట్టి లోపలికి వచ్చింది. ఆమె చెప్పులు విప్పడానికి పట్టిన సమయం చూసే నాకు సంగతి అర్థమయింది.

మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. అత్తయ్య సోఫాలో కాకుండా, గోడవార ఉన్న చెక్క కుర్చీలో కూర్చున్నారు.

"చెప్పమ్మా. నసగకుండా చెప్పు."

ఆ పిల్ల కాగితం విప్పింది. ఆ రోజు గీసినట్టు నాలుగు గీతలు కావు, కాగితం నిండా సన్నటి గీతలు, పక్కన ఊళ్ల పేర్లు. ఒక చోట ఎర్ర చుక్క పెట్టి ఉంది. ఆ చుక్క ఎక్కడో విడిగా లేదు. చుట్టూ ఒడ్డుమొక్కలే. పైనా అవే, కిందా అవే.

"ఒడ్డుదేనమ్మమ్మా," అంది. "వేరే జాతి కాదు. తోబుట్టువు కూడా కాదు. అదే ఇది."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్లిపోయింది.

ముందు మాట్లాడింది మా ఆయన. "పొరపాటు పడి ఉండొచ్చు కదండీ. పాత ముక్క అన్నారు, తునకలన్నారు. ఇంకోసారి చూడండి." తేలిపోనీ అన్న మనిషి. ఆయన గొంతు అలా బతిమాలడం నేను అంతకుముందు వినలేదు.

"నేనూ అలాగే అనుకుని మళ్లీ మొదటి నుంచీ చేశానండీ. మా మేడమ్ విడిగా చేశారు. ప్రతిసారీ అక్కడికే వచ్చింది."

"మరి ఆయన చూసిందేమిటి? పొట్టిగా ఉందని, ఎర్రగా ఉందని అన్నది అబద్ధమా?"

"అబద్ధం కాదు. నిజంగానే అలా ఉంది. ఆ మడుగులోకి ఏటి నీళ్లు వచ్చే దారి సన్నం. ఎండలకి నీళ్లు ఆవిరైపోయి ఉప్పు చిక్కబడేది. అందులో మొలిచింది పెరగలేక గిడసబారి, గట్టిపడి, ఎర్రబడింది. మేం ఒడ్డుమొక్కల్ని కుండీల్లో పెట్టి, కొన్నింటికి మామూలు ఏటి నీళ్లు, కొన్నింటికి చిక్కటి ఉప్పునీళ్లు పోసి చూశాం. చిక్కటి నీళ్లు పోసినవన్నీ మొండివైపోయాయి. తాతగారు ఎలా రాశారో అచ్చం అలాగే."

మా ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. ఆయన వీపు చూస్తుంటే, ఎన్నో బళ్లలో మొదటిరోజు తలుపు దగ్గర నిలబడ్డ పిల్లాడు కనిపించాడు నాకు. దగ్గరికి వెళ్లాలనిపించింది కానీ అత్తయ్యను విడిచి కదలలేకపోయాను.

అత్తయ్య కాగితం అడిగి తీసుకున్నారు. ఎర్రచుక్క మీద వేలు పెట్టి, అక్కడినుంచి గీత వెంట మెల్లగా వెనక్కి వెళ్లారు. దారిలో ఎన్ని కొమ్మలు కలిశాయో అన్నిచోట్లా ఆగారు.

"ఒకటి అడుగుతాను చెప్పు. ఆయన అన్నదే నిజమయ్యుంటే, మడుగు పూడ్చిన రోజుతో ఈ మొక్క ఈ లోకంలో లేనట్టేనా?"

"లేనట్టే అమ్మమ్మా. ఇంకెక్కడా లేదు కదా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఏటి పొడుగునా ఉంది. రేవు గోడ దగ్గర, వంతెన కింద, అంతటా."

"బతికే ఉంది."

"బతికే ఉంది."

అత్తయ్య కాగితం ఒళ్లో పెట్టుకున్నారు. "మడుగులో మట్టి పోస్తున్నప్పుడు ఆయన వెళ్లి చూసొచ్చారు. వద్దంటే వినలేదు. వచ్చి గట్టు మీద కూర్చుని, ఒక వంశం నా కళ్లముందే పోయింది, ఆపలేకపోయాను అన్నారు. చివరి జ్వరంలో కూడా అదే మాట. పోయినదాని కోసం కాదురా," అన్నారు కొడుకు వీపుతో. "బతికున్నదాని కోసం ఏడ్చారు మీ నాన్న. పిచ్చి మారాజు."

మా ఆయన కిటికీ దగ్గర్నుంచి వచ్చి తల్లి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు. కాసేపటికి అత్తయ్య అన్నారు. "మనం తాగిన ఉప్పునీళ్లు మాత్రం ఎవరూ తీసెయ్యలేర్లే."

తర్వాతి నెలలో ఆ కాగితాన్ని సంస్థకే ఇచ్చేద్దామన్నది అత్తయ్యే. ముగ్గురం వెళ్లాం. పొడుగాటి గది, ఇనుప బీరువాలు, ఏదో మందు వాసన. ఉప్పుపిల్ల ఒక బల్ల తుడిచి మొండిదాన్ని దాని మీద పెట్టింది. పక్కన జిగురు సీసా, చిన్న చీటీ. చీటీ మీద ఒడ్డుమొక్క శాస్త్రీయ నామం, తన పేరు, తేదీ, అడుగున ఒక ముక్క: 'చిక్కటి ఉప్పులో పెరిగిన రూపం.'

"ఆయన చీటీ ఊడదీస్తారా?" అని అడిగారు అత్తయ్య. పొద్దుటి నుంచి ఆమెను తొలుస్తున్నది అదేనని అప్పుడు తెలిసింది.

"అయ్యో, లేదమ్మమ్మా. ఇక్కడ ఎవరి మాటా చింపం. దాని మీద అంటించం కూడా. ఎవరు ఏమన్నారో వరసగా ఉంటుంది. నాది తాతగారి దాని కిందే అంటిస్తాను. ఇదిగో, ఇంకా కింద జాగా ఉంది చూశారా? రేపెవరో వచ్చి నాదీ తప్పంటారు."

"అంటారా?"

"ఏమో. ఉప్పు తిన్నాక నీళ్లు తాగాల్సిందేగా," అంది. అత్తయ్య చాలారోజుల తర్వాత నవ్వారు.

చీటీ వెనక జిగురు రాసి ఆ పిల్ల అత్తయ్యకు అందించబోయింది. అత్తయ్య తల అడ్డంగా ఊపి, కొడుకును ముందుకు తోశారు. మా ఆయన రెండు చేతులా పట్టుకుని, తండ్రి చీటీకి తగలకుండా, దాని కింద తిన్నగా పెట్టి, బొటనవేలితో అంచుల దాకా అదిమారు. లిఫ్టు బటన్లు నొక్కే మనిషి, అంత నెమ్మదిగా దేన్నీ నొక్కగా నేను చూడలేదు. అదిమిన తర్వాత కూడా కాసేపు వేలు తియ్యలేదు. తీసేటప్పుడు తండ్రి రాత మీద ఒకసారి తడిమారు.

అలమర తలుపు మీద ఇప్పుడు నాలుగు పిన్ను గుంటలే ఉన్నాయి. అత్తయ్య రోజుకో చీర కడుతున్నారు.

ఆ రోజు ఉప్పుపిల్ల గుమ్మం బయట పెట్టిన కుండీ ఇప్పుడు బాల్కనీలో ఉంది. ఒడ్డుమొక్క. పచ్చగా, గణుపులు గణుపులుగా, నిలువునా లేస్తోంది. నీళ్లలో కొంచెం ఉప్పు వేసి పొయ్యమంది ఆ పిల్ల. మొన్న సాయంత్రం నేను చెంబులో నీళ్లు పట్టి, డబ్బాలోంచి ఉప్పు తీస్తుంటే అత్తయ్య వచ్చి నా చేతిలో చెంచా తీసుకున్నారు. నిండా తీశారు. ఇంకో చెంచా తీశారు. అంత ఉప్పు వేస్తే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. కొన్నాళ్లకు అది ఎర్రబడి, గిడసబారి, మళ్లీ మొండిది అవుతుంది. ఆమె కొమ్మ ఆమెకు తిరిగి వస్తుంది.

రెండో చెంచా చెంబు మీద అలాగే పట్టుకుని మొక్క వైపు చూశారు.

"వద్దులే," అని దాన్ని డబ్బాలో పోసేశారు. మొదటి చెంచాలో కూడా సగం వెనక్కి పోసి, మిగిలింది నీళ్లలో కలిపారు. "ఇదైనా హాయిగా పెరగనీ."